ఒకే తరగతికి ఇద్దరు అధ్యాపకులు: సిలబస్ చెరి సగం పంచుకుంటే చాలునా?

ప్రశ్న (భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, జయనగర్, బెంగళూరు)
నమస్కారం. వచ్చే సెమిస్టరులో బీఎస్సీ విద్యార్థులకు విద్యుదయస్కాంత శాస్త్రాన్ని నేనూ, మా విభాగంలో 20 ఏళ్లుగా పాఠం చెబుతున్న ఒక మాస్టారూ కలిసి బోధించాలి. యూనిట్లు చెరి సగం తీసుకుందామని ఆయన అంటున్నారు. దీనివల్ల మా బోధన మెరుగుపడుతుందా? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1 (రసాయనశాస్త్రం, యలహంక)
అమ్మా, యూనిట్లు పంచుకుంటే పని తగ్గుతుందే తప్ప ఒకరి నుండి ఒకరు నేర్చుకునేది ఏమీ ఉండదు. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఒకరైన కార్ల్ వీమన్ 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన కార్యక్రమంలో, విద్యార్థులచేత ఆలోచింపజేసే పద్ధతుల్లో చేయి తిరిగిన అధ్యాపకులను వాటికి కొత్తవారితో జతచేసి ఒకే కోర్సు చెప్పించారు. ప్రశ్న వేశాక చర్చను ఎంతసేపు సాగనివ్వాలో, ఎక్కడ అందుకోవాలో పక్కనుండి చూస్తేనే పట్టుబడుతుంది. వర్క్‌షాపులో వింటే రాదు.

నేనొక సెమిస్టరు వెనుక బల్ల మీద కూర్చున్నాను. సహోద్యోగి లె షాటెలియర్ సూత్రం (సమతాస్థితిలో ఉన్న రసాయన చర్య, పరిస్థితి మారితే ఆ మార్పును తగ్గించే వైపు జరుగుతుందనేది) చెబుతుంటే అందరూ తలలూపారు. నా ముందున్న అమ్మాయి సమీకరణం తప్పు లేకుండా రాసుకుంది గానీ, పీడనం పెంచితే చర్య ఎటు జరుగుతుందన్న చోట కుడివైపు బాణం గీసి, కొట్టేసి, ఎడమవైపు గీసి, అదీ కొట్టేసింది. బోర్డు దగ్గరున్నవారికి అది ఎలా కనబడుతుంది? మరునాటి పాఠాన్ని మేము ఆ బాణంతోనే మొదలుపెట్టాము.

జవాబు 2 (జీవశాస్త్రం, మారతహళ్లి)
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ ముందు గంటల లెక్క తేల్చుకోండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసరు వారానికి 16 గంటలు నేరుగా బోధించాలి. నేను పనిచేసిన ఒక కళాశాలలో జంట తరగతిని ఒక్కరి ఖాతాలోనే వేయడంతో, రెండవవారు అదనంగా మరో సెక్షను మోయలేక నెలన్నరలోనే విరమించుకున్నారు. ఇద్దరికీ పూర్తి గంటలు లెక్కిస్తామని ప్రిన్సిపాల్‌ గారిచేత రాతపూర్వకంగా తీసుకోండి.

జవాబు 3 (జవాబు 1 రాసినవారే)
ప్రిన్సిపాల్‌ గారికి ఈ లెక్క కూడా చూపవచ్చు. 225 అధ్యయనాలను క్రోడీకరించి 2014లో వెలువడిన పరిశోధనలో, కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో సగటున 33.8 శాతం మంది పరీక్ష తప్పగా, విద్యార్థులు చురుకుగా పాల్గొన్న తరగతుల్లో 21.8 శాతం మందే తప్పారు. అలాంటి తరగతి నడపడం నేర్చుకోవడానికే ఈ జంట బోధన.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. గాస్ నియమం పాఠానికి నేను వెనుక కూర్చుంటానని, నా మొదటి పాఠానికి ఆయనను కూర్చోమని రేపు మాస్టారిని అడుగుతాను.