చర్చ: నేసేవాళ్లు డిజైన్లు ఇన్‌స్టాలో పెట్టాలా, దాచుకోవాలా?

పుట్టపాక పిల్ల
మాది పుట్టపాక, ఇక్కత్ చీరలు నేసే ఊరు. నాన్న ముప్పై ఏళ్లుగా మగ్గం మీదే ఉన్నాడు. సావుకారు పట్టు ఇస్తాడు, బొమ్మ గీసిన గ్రాఫ్ కాగితం ఇస్తాడు, నేసి ఇస్తే మజూరి ఇస్తాడు. ఆ చీర ఎంతకు అమ్ముడుపోయిందో, ఎవరు కట్టుకున్నారో మాకు తెలియదు. ఈసారి అప్పు చేసి సొంతంగా పడుగు పోసుకున్నాం, గ్రాఫ్ కూడా నాన్న గీసిందే. ఏడు చీరలు దిగుతాయి. ఇన్‌స్టాలో పేజీ పెట్టి మనమే అమ్ముకుందాం, నీ పేరు నలుగురికీ తెలియాలి అని నేనంటున్నా. "బొమ్మ బయటపడితే నెల తిరగకముందే ప్రింటు చీర దిగుతది" అని నాన్న ఫోన్ పక్కన పెట్టిస్తున్నాడు. ఎవరి మాట వినాలి? మొహమాటం లేకుండా చెప్పండి.

ఆసు_అచ్చు
మీ నాయన చెప్పిందే నిజం బిడ్డా. మూడేండ్ల కింద మా పిల్లగాడు గిట్లనే కొత్త చీర పరిచి, పైనుంచి మంచిగ ఫోటో తీసి పెట్టిండు. లైకులు బాగనే వచ్చినయి. దసరాకు హైదరాబాద్‌ల ఒక దుకాణంల అదే అంచు, అదే కొంగు, పాలిస్టర్ మీద అచ్చేసి 600కు అమ్ముతున్నరు. మా చీర 9,000. సైకిల్ ట్యూబు కోసిన రబ్బరుతోని నూలుకు కట్లు కట్టుడు, రంగుల ముంచుడు, విప్పి మళ్ల కట్టుడు, గదంత కొనెటామెకు ఎట్ల యాదికొస్తది? ఆసు అంటే కట్లు కట్టకముందు పోగును మేకుల చుట్టు తిప్పి వరస పెట్టుడు. చింతకింది మల్లేశం గారు కనిపెట్టిన ఆసు మిషిన్ రాకముందు ఒక్క చీర ఆసుకే మా ఇంటి ఆడోళ్లు దగ్గర దగ్గర 9,000 సార్లు చెయ్యి తిప్పెటోళ్లు. గంత కష్టం ఒక్క ఫోటోతోని పోయింది.

మంగళగిరి కోడలు
బాబాయ్ గారూ, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ఆ ఫోటోలో బొమ్మ తప్ప ఇంకేమీ లేదు కదండీ. చూసినవాళ్లకు మీ అబ్బాయి ఎవరో, మీ మగ్గం ఎక్కడుందో తెలియలేదు. నేను కూడా అదే చేశాను. నాలుగేళ్ల క్రితం మా అత్తగారింటి మగ్గాల మీద పేజీ మొదలుపెట్టి, ఏడాదంతా చీరలు పరిచి ఫోటోలు తీశాను, పాటలు పెట్టి రీల్స్ చేశాను. పన్నెండు వేల మంది ఫాలో అయ్యారు. కొన్నది పదకొండు మంది.

ఒకరోజు పోగు తెగింది. మావయ్యగారు రెండు కొసలూ పట్టుకుని, వేళ్ల మధ్య నులిమి, చూడకుండానే ముడేసి మళ్లీ నేత అందుకున్నారు. ఊరికే తీసి పెట్టాను, నలభై సెకన్లు కూడా లేదు, పాట లేదు. కింద ప్రశ్నలే ప్రశ్నలు! పోగు తెగితే చీర పాడవదా, రోజుకు ఎంత నేస్తారు, కళ్లు నొప్పెట్టవా అని. మావయ్యగారిని అడిగి ఒక్కొక్కరికీ జవాబు రాశాను, రాత్రి పదకొండయింది. ఈరోజు మా దగ్గర మళ్లీ మళ్లీ కొనేవాళ్లలో సగం మంది ఆ రాత్రి మాట్లాడినవాళ్లే.

చెల్లీ, ఇంకొక్క మాట. "ధర కోసం డీఎం చేయండి" అని మాత్రం రాయొద్దు. ధర పక్కనే ఎన్ని రోజుల పనో కూడా రాసెయ్. నేను అలా రాయడం మొదలుపెట్టాక బేరాలు తగ్గాయి.

కాగితాల పని
డిజైన్ రిజిస్ట్రేషన్ పనులు చూస్తుంటాను. డిజైన్ల చట్టం, 2000 ప్రకారం దరఖాస్తుకు ముందే లోకానికి చూపించిన డిజైన్‌కు రిజిస్ట్రేషన్ రాదు. ఇన్‌స్టా పోస్టూ చూపించడం కిందికే వస్తుంది. అందుకని ముందు దరఖాస్తు, ఆ తర్వాతే ఫోటో. వస్తే పదేళ్లు హక్కు, మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. తరతరాల చిలుకలు, ఏనుగులకు రాదు, నాన్నగారిది నిజంగా కొత్తదైతేనే. జీఐ, అంటే ఊరి సరుకు పేరుకు ఇచ్చే గుర్తింపు, ఉంది కదా అని ధీమా పడకండి. మీ ఊరి తేలియా రుమాలు అనే ఇక్కత్ నేతకు 2020లో వచ్చిన జీఐ ఆ పేరును కాపాడుతుంది, నాన్నగారు గీసిన గ్రాఫ్‌ను కాపాడదు.

ఆసు_అచ్చు
కాగితం తెచ్చుకుంటం సరే, కేసు ఎవలు ఏస్తరు సారూ? మగ్గం దిగితే ఆ దినం కూలి పోయినట్టే. కొన్ని రకాలు చేతిమగ్గం మీదనే నెయ్యాలని చేనేత రిజర్వేషన్ చట్టం 1985 నుంచి ఉన్నది, మరి పవర్‌లూమ్ నకళ్లు ఆగినయా?

డాలస్ పిన్ని
కొనేదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగు పడుతుంది, అందుకే రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ప్రింటు తిరగేస్తే వెలవెలబోతుంది. ఈ తేడా నాకు నేర్పింది ఒక నేత పేజీయే, చీర తిరగేసి చూపించిన చిన్న వీడియో. ఆ పేజీలోనే ఇప్పటికి మూడు చీరలు కొన్నాను. అన్నగారు చెప్పిన 600 చీర, 9,000 చీర పక్కపక్కన తిరగేసి చూపించి ఉంటే, ఆ దుకాణంలో కొన్నవాళ్లలో కొందరైనా ఆలోచించేవాళ్లు.

పాత టిక్‌టాక్
పేజీ పెట్టు గానీ దాని మీదే ఇల్లు కట్టకు. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధించారు. మా కలంకారీ వీడియోలు చూసే ఎనభై వేల మంది ఆ రాత్రితో పోయారు, ఒక్కరి నంబరూ నా దగ్గర లేదు. కొన్న ప్రతివాళ్ల నంబరూ వాళ్లనడిగి పుస్తకంలో రాసుకో. పండగ ముందు వాట్సాప్‌లో ఒక్క మాట పంపితే చాలు.

పుట్టపాక పిల్ల
ఇవన్నీ నాన్నకు చదివి వినిపించా. పెదనాన్నా, మీ మాట దగ్గర ఆగి మళ్లీ చదవమన్నాడు. డాలస్ పిన్ని రాసింది విన్నాక లేచి వెళ్లి పాత చీర ఒకటి తెచ్చి తిరగేసి నా ముందు పరిచాడు. చివరికి ఒప్పుకున్నది ఇంత: కట్లు కట్టేది, విప్పేది తియ్యొచ్చు. గ్రాఫ్ కాగితం, పూర్తి కొంగు దరఖాస్తు అయ్యేదాకా కనబడొద్దు. నాలుగు చీరలు సావుకారుకే, లేకపోతే వచ్చే నెల పట్టు ఇవ్వడని భయం. మూడు నా పేజీకి. పేజీకి ఊరి పేరు పెట్టనా, నాన్న పేరా?

ఆసు_అచ్చు
నాయన పేరే పెట్టు బిడ్డా. ఊరి పేరు అందరు వాడుకుంటున్నరు, నేసినోని పేరు ఏ చీర మీద లేదు. కట్లు విప్పే వీడియో పెట్టినంక ఈడ చెప్పు, మా పిల్లగానికి చూపిస్త.