‘కరుగు’: తేడా క్రియలో ఉందా, విభక్తిలో ఉందా?

మహారాష్ట్రలోని మా సిరొంచలో ఇంట తెలుగు, బడిలో మరాఠీ నడుస్తాయి. పిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పే నాకు తరచూ చిక్కు తెచ్చే మాట ‘కరుగు’. మరాఠీలో ‘బర్ఫ్ వితళతో’, ‘సాఖర్ విరఘళతే’ అని మంచుకొక క్రియ, చక్కెరకొక క్రియ ఇంటి వాడుకలోనే ఉన్నాయి. మనకు రెండూ కరగడమే. ఇది తెలుగులో లోటని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోలేను.

ఆ తేడాను మన భాషలో విభక్తి చూపిస్తుంది. ‘మైనం వేడికి కరిగింది’ అంటాం, ‘ఉప్పు నీళ్ళలో కరిగింది’ అంటాం, మా పలుకుబడిలో ‘శక్కెర చాయ్‌ల కరిగింది’ అంటాం. ‘కి’ ఉన్నచోట పదార్థం ఒక్కటే, అది వేడిని పుచ్చుకుని ఘనరూపం విడిచి ద్రవమయింది. ‘లో’ ఉన్నచోట రెండు పదార్థాలుండి, ఒకదాని కణాలు రెండోదాని కణాల నడుమ చెదిరిపోయాయి. పాఠ్యపుస్తకాల్లోని ‘ద్రవీభవనం’ (ఘనం ద్రవం కావడం), ‘ద్రావణం’ (ఒకదానిలో మరొకటి కరిగిన మిశ్రమం) వేరువేరుగా కనిపించినా రెండింటికీ ‘ద్రు’ అనే ధాతువే మూలం.

పిల్లలు తడబడేది చాయ్ దగ్గరే. చాయ్ వేడికే చక్కెర ద్రవమయిందని వారు అనుకుంటారు. చక్కెర తానుగా ద్రవం కావాలంటే సుమారు 186 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, ఉప్పుకైతే 801 డిగ్రీలు. అయినా రెండూ చన్నీళ్ళలోనే కరుగుతాయి. చాయ్ వేడి ఆ పనిని త్వరపరుస్తుంది, మరికాస్త చక్కెరకు చోటిస్తుంది, అంతే. అదే చక్కెరను పొడి పెనం మీద వేడిచేస్తే కరిగి, ఎర్రబారి, చివరకు మాడుతుంది. ‘మాడు’ అనే మాట వచ్చేసరికి జరిగింది రసాయన మార్పు: చక్కెర నీళ్ళను ఇగిరిస్తే చక్కెర మిగులుతుంది గాని, మాడినదాని నుంచి చక్కెర తిరిగి రాదు.

వ్యాఖ్య: అయ్యా, ‘మంచుముక్క షర్బతులో కరిగింది’ అని కూడా అంటాం కదా? అక్కడ ‘లో’ ఉన్నా జరిగేది ద్రవీభవనమే.

జవాబు: మంచి ప్రశ్న వేశారండీ. మంచు గ్రాముకు దాదాపు 80 కెలోరీల వేడిని షర్బతు నుంచి లాక్కుని, 0 డిగ్రీల దగ్గరే నీరవుతుంది; షర్బతు చల్లబడేది ప్రధానంగా అందుకే. అక్కడ ‘లో’ చెప్పేది చోటును మాత్రమే. దాన్ని తీసేసి ‘మంచు కరిగింది’ అన్నా వాక్యానికి కొరత లేదు. ‘ఉప్పు కరిగింది’ అని ఆగితే మాత్రం వినేవారు ‘దేంట్లో?’ అని అడుగుతారు.