అమ్మకు ఇంట్లో ల్యాండ్‌లైన్ కావాలి: తక్కువ ఖర్చులో ఏ ఇంటర్నెట్ ఫోన్ తీసుకోవాలి?

ప్రశ్న – పద్మారావునగర్ అబ్బాయి

అందరికీ నమస్కారం. పద్మారావునగర్‌లోని మా పాత ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. ఉద్యోగరీత్యా నేను మియాపూర్‌లో ఉంటున్నాను, అక్క డాలస్‌లో స్థిరపడింది. అమ్మకు 78 ఏళ్లు. మొన్నటి వానాకాలంలో ఇంటి ల్యాండ్‌లైన్ మూగబోయింది. మూడుసార్లు ఫిర్యాదు చేశాక వచ్చిన లైన్‌మన్, ఆ వీధిలో రాగి తీగను ఇక బాగు చేయరని, ఫైబర్‌కు మారితేనే ఫోన్ వస్తుందని చెప్పి వెళ్లాడు.

అమ్మ దగ్గర మొబైల్ ఉంది గానీ, మధ్యగదిలోకి సిగ్నల్ సరిగా అందదు, పైగా అందులో మాట ఆమెకు స్పష్టంగా వినిపించదు. రిసీవర్ చెవికి ఆనించుకుని, తనకు అలవాటైన కుర్చీలో కూర్చుని మాట్లాడితేనే ఆమెకు తృప్తి. నెలకు పన్నులతో కలిపి 600 రూపాయలకు మించకుండా ఇంటర్నెట్ ద్వారా పనిచేసే ల్యాండ్‌లైన్ ఏది తీసుకోవచ్చు? కరెంటు పోయినప్పుడు ఆ ఫోన్ పనిచేస్తుందా? ఇన్నేళ్లుగా చుట్టాలందరికీ తెలిసిన 040 నంబరు మాకు మిగులుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – మల్కాజిగిరి విశ్రాంత ఉద్యోగి

బాబూ, నేను ముప్పయ్యేళ్లకు పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పనిచేశాను, కనుక మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఒంటరిగా ఉండే పెద్దవారి విషయంలో ధర కన్నా అదే ముఖ్యం.

పాత రాగి తీగ ఫోనుకు కరెంటు మన ఇంటి నుంచి రాదు. ఎక్స్ఛేంజీలో ఉండే 48 వోల్టుల బ్యాటరీల నుంచి మాట వచ్చే తీగలోనే అదీ వస్తుంది. అందుకే వీధి మొత్తం చీకటిగా ఉన్నా ఆ రోజుల్లో ఫోన్ మోగేది. ఫైబర్ అంటే గాజుపోగు, అందులో వెలుతురు ప్రయాణిస్తుందే తప్ప విద్యుత్తు ప్రయాణించదు. ఇంట్లో గోడకు బిగించే ఓఎన్‌టీ అనే పెట్టె ఆ వెలుతురును అందుకుని, మన మాటను సాధారణంగా సెకనుకు యాభై ముక్కలుగా కోసి ఇంటర్నెట్ పొట్లాలుగా పంపుతుంది. ఆ పెట్టెకు ఇంటి కరెంటు ఆగిన క్షణాన ఫోన్ కూడా ఆగిపోతుంది. కాబట్టి మీరు ఏ సంస్థ కనెక్షన్ తీసుకున్నా, రౌటర్ల కోసం అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి దానితోపాటే కొనండి. ఓఎన్‌టీ అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూసి, అంతకు తగ్గకుండా ఇచ్చేదే తీసుకోవాలి. వైఫై రౌటర్ వేరే పెట్టెగా ఉన్నా, ఫోన్ తీగ ఓఎన్‌టీకే తగిలించి ఉంటే ఆ ఒక్కదానికి బ్యాటరీ ఉంటే చాలు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రౌటర్‌కు యూపీఎస్ పెట్టి నిశ్చింతగా ఉంటారు గానీ, ఫోన్ మాత్రం కార్డ్‌లెస్‌ది కొంటారు. కార్డ్‌లెస్ ఫోన్ కింది స్టాండుకు విడిగా కరెంటు కావాలి, అది ఆరిపోతే చేతిలోని హ్యాండ్‌సెట్ ఎందుకూ పనికిరాదు. మెలికల తీగ ఉండే మామూలు బటన్ల ఫోన్ కొనండి, లేదా ఇంట్లో పాతది ఉంటే అదే వాడండి. దానికి కావలసిన కొద్దిపాటి విద్యుత్తు ఓఎన్‌టీ వెనుక ఉండే ఫోన్ పోర్టు నుంచే అందుతుంది. పాత ఫోన్లకు పక్కనో అడుగుననో టీ, పీ అని రాసిన చిన్న మీట ఉంటుంది. దాన్ని టీ వైపు, అంటే టోన్ వైపు ఉంచాలి.

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవారిని మరో మాట తప్పకుండా అడగండి: ఇంట్లోకి వచ్చేది గాజుపోగా, లేక డాబా మీద పెట్టిన స్విచ్ (ఇంటర్నెట్‌ను ఇళ్లకు పంచే పెట్టె) నుంచి దిగే లాన్ వైరా, అంటే రాగి ఇంటర్నెట్ తీగా? గాజుపోగు అయితే ఎక్స్ఛేంజీకీ మీ ఇంటికీ మధ్య దాన్ని పంచే స్ప్లిటర్లకు కరెంటు అవసరం లేదు. లాన్ వైరు అయితే డాబా మీది స్విచ్‌కు కూడా కరెంటు ఉండాలి, అది ఆగితే మీ ఇంట్లో యూపీఎస్ ఉన్నా లాభం లేదు.

వేగం గురించి ఎక్కువ ఆలోచించకండి. ఒక ఫోన్ కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు దాదాపు 90 కిలోబిట్లు సరిపోతాయి. అతి తక్కువ ప్లాన్‌లో వచ్చే 30 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 30 మెగాబిట్లు, దానికి మూడు వందల రెట్లు పైనే. ఫోన్ కోసమే అయితే 100 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మజూపేవారికి మర్యాదగా వద్దని చెప్పండి.

జవాబు – సైనిక్‌పురి గృహిణి

మా అత్తగారి కోసం ఇదే వెతుకులాట నేనూ చేశాను కాబట్టి ఖర్చు సంగతి చెబుతాను. ఫైబర్ ప్లాన్లలో ఫోన్‌కు వేరుగా డబ్బు తీసుకునే రోజులు దాదాపు పోయాయి; దేశంలోని నంబర్లకు అపరిమిత కాల్స్ ప్లాన్‌తోపాటే వస్తాయి. జియోఫైబర్‌లో 30 ఎంబీపీఎస్‌కు 399, ఎయిర్‌టెల్‌లో 40 ఎంబీపీఎస్‌కు 499 రూపాయలని ప్రకటనల్లో చూస్తాము గానీ, వాటి మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. అంటే చేతి నుంచి వెళ్లేది మొదటిదానికి దాదాపు 471, రెండోదానికి 589 రూపాయలు. రెండూ మీ 600 లోపే ఉన్నాయి. బీఎస్‌ఎన్‌ఎల్ భారత్ ఫైబర్‌లో కూడా ఈ స్థాయి ప్లాన్లు ఉంటాయి.

నంబరు విషయంలో మాత్రం తొందరపడకండి. మొబైల్ నంబరును ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు మార్చుకునే వీలు దేశమంతటా 2011 జనవరిలోనే వచ్చింది కానీ, ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ సదుపాయం లేదు. సంస్థ మారితే నంబరు పోయినట్లే. మీ పాత కనెక్షన్ ఎవరిదో వారి ఫైబర్‌కే మారేటట్లయితే, అదే నంబరు ఉంచుతారా అని కార్యాలయంలో అడిగి, ఆ సంగతి దరఖాస్తు మీదే రాయించుకోండి. ఈ మాట నేను బాధతో చెబుతున్నాను. మా ఇంటికి వచ్చిన ఒక సంస్థ ప్రతినిధి నంబరు మారదని నోటిమాటగా హామీ ఇచ్చి, ఏడాది డబ్బు ముందే కట్టించుకున్నాడు. వారం తర్వాత కొత్త నంబరు వచ్చింది, పాతది అప్పటికే రద్దయిపోయింది. మామయ్యగారు పోయినప్పుడు పలకరించిన బంధువుల్లో సగం మంది దగ్గర ఉన్నది ఆ నంబరే. ఏడాది డబ్బు కట్టి ఉన్నందువల్ల వదులుకోనూ లేకపోయాము. అందుకే మొదటి రెండు మూడు నెలలు నెలవారీగా కట్టి, పనితీరు నచ్చాకే ఏడాది ప్లాన్‌కు వెళ్లండి.

ఇంకొక చిన్న విషయం ఉంది, కానీ పెద్దవారిని బాగా ఇబ్బంది పెడుతుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కు చేసినా ముందు సున్నా నొక్కాలి. మా అత్తగారి ఫోన్ పక్కన అట్ట ఊడిపోయిన నోటుబుక్కు ఒకటి ఉంటుంది. నేను ఒక మధ్యాహ్నం కూర్చుని, అందులో ఉన్న ప్రతి మొబైల్ నంబరు ముందు ఎర్ర సిరాతో, లావుగా సున్నా చుట్టాను. ఆ తర్వాతే ఫోన్ కలవడం లేదన్న ఫిర్యాదు ఆగింది.

జవాబు – కూకట్‌పల్లి నుంచి

మీ అమ్మగారికి ఇంటర్నెట్‌తో వేరే పని లేకపోతే సిమ్ వేసుకునే డెస్క్ ఫోన్ గురించి కూడా ఆలోచించవచ్చు. చూడడానికి ల్యాండ్‌లైన్‌లాగే ఉంటుంది, రిసీవర్ ఉంటుంది, లోపల బ్యాటరీ ఉంటుంది. బ్యాంకు ఓటీపీలు కూడా దానికే వస్తాయి. అయితే మార్కెట్లో చౌకగా దొరికేవాటిలో చాలా వరకు 2జీ మీద నడిచేవే, వాటిలో జియో సిమ్ పనిచేయదు. 4జీ వోల్టీ (4జీ మీదే మాట పంపే పద్ధతి) అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి.

జవాబు – మల్కాజిగిరి విశ్రాంత ఉద్యోగి

కూకట్‌పల్లి మిత్రులు చెప్పింది సరైన మాటే గానీ, ఆ ఇంట్లో మధ్యగదికి సిగ్నలే అందదని అబ్బాయి ముందే రాశాడు. అలాంటి చోట సిమ్ ఫోన్‌కు కూడా అదే కష్టం ఎదురవుతుంది. నా సలహా మాత్రం ఫైబర్ పెట్టించడమే. దానివల్ల మరో మేలు ఉంది: ఇప్పుడున్న మొబైల్‌లో వైఫై కాలింగ్ సౌకర్యం ఉంటే సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేస్తే చాలు, అదే నంబరు మీద, అదనపు రుసుము లేకుండా, సిగ్నల్ లేని గదిలోనూ కాల్స్ వస్తాయి.

అయినా ఆ మొబైల్‌ను మూలన పడేయకండి. 2025 ఆగస్టులో రామంతాపూర్ రథయాత్రలో విద్యుదాఘాతం దుర్ఘటన జరిగాక, కరెంటు స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించినప్పుడు నగరంలో ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్ ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కేబుల్ తెగితే యూపీఎస్ ఏమీ చేయలేదు. ఆపదలో 112కు గానీ 108కి గానీ చేయడానికి రెండో దారి ఇంట్లో తప్పనిసరిగా ఉండాలి. కనెక్షన్ ఇచ్చేవారి పేరు కన్నా, తెగిన తీగను ఎన్ని గంటల్లో అతికిస్తున్నారో మీ వీధిలోని నాలుగు ఇళ్లలో అడిగి తెలుసుకోవడం మంచిది. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ డాకెట్ నంబరు, అంటే వారిచ్చే ఫిర్యాదు నంబరు, రాసి పెట్టుకోండి. వారు పట్టించుకోకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి వెళ్లే హక్కు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లో ఉంది, అక్కడ ఆ నంబరే మీకు ఆధారం.

పద్మారావునగర్ అబ్బాయి

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే వీధిలో అడిగి చూస్తే, మా పాత సంస్థ ఫైబర్‌నే మూడు ఇళ్లవారు మెచ్చుకున్నారు. నంబరు ఉంచుతామని దరఖాస్తు మీద రాసి ఇచ్చారు, ఉంచారు కూడా. నెలకు పన్నులతో 600 లోపే అవుతోంది. ఇంట్లోకి వచ్చింది గాజుపోగే.

అటక మీద నుంచి పాత బటన్ల ఫోన్ దించి తుడిచి తగిలించాను. నా మొబైల్ నుంచి చేస్తే మోగింది గానీ, దాని నుంచి చేస్తే ఎవరికీ కలవలేదు. ఓఎన్‌టీ పాడైందేమోనని అరగంట తంటాలు పడ్డాక విశ్రాంత ఉద్యోగిగారు రాసిన మీట గుర్తొచ్చింది. ఫోన్ తిరగేసి చూస్తే, దుమ్ము కింద అది పీ వైపు ఉంది. టీ వైపు జరపగానే కలిసింది.

ఆదివారం మెయిన్ స్విచ్ ఆపి పరీక్షించాను. యూపీఎస్ మీద ఓఎన్‌టీ రెండు గంటల నలభై నిమిషాలు నడిచింది. ఆ చీకట్లోనే డాలస్ నుంచి అక్క ఫోన్ చేసింది. అమ్మ తన కుర్చీలో కూర్చుని, రిసీవర్ చెవికి ఆనించుకుని, కరెంటు లేదన్న సంగతి కూడా చెప్పకుండా ముప్పావుగంట మాట్లాడింది.

ఒక్క సందేహం మిగిలింది. ఈ యూపీఎస్ బ్యాటరీ బలం తగ్గుతున్నట్లు ముందుగా ఎలా తెలుస్తుంది?

మల్కాజిగిరి విశ్రాంత ఉద్యోగి

మూడు నెలలకొకసారి ఇలాగే స్విచ్ ఆపి గడియారం చూడండి బాబూ. ఈ రెండు గంటల నలభై నిమిషాలు గంటన్నరకు దిగితే మార్చేయండి. మొదటి తేదీ, మొదటి లెక్క ఆ యూపీఎస్ మీదే చీటీ రాసి అంటించండి.