మూడున్నరేళ్ళ బాబు మాట చివరి శబ్దం మింగేస్తున్నాడు, ఏం చేయాలి?

అడిగినవారు: కొత్తగా వచ్చిన ఒక అమ్మ

అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి కొద్ది నెలలే అయింది. బాబుకి మూడున్నరేళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ప్రీస్కూల్లో చేర్చాక ఇంగ్లీషు బాగానే పట్టుకున్నాడు గానీ మాట చివర వచ్చే శబ్దం వదిలేస్తున్నాడు. బోట్‌ని "బో" అంటాడు, బైక్‌ని "బై", నోస్‌ని "నో". టీచర్ పిలిచి, ఒకసారి ఎవరికైనా చూపించమంది. అప్పటినుంచి ఇంట్లో ప్రతి మాటా గట్టిగా ఒత్తి పలికి, వాడిచేత పలికిస్తున్నాం. ఇప్పుడేమో "బోట్టు", "బైక్కు" అంటున్నాడు. ఇది బాగుపడటమా, ఇంకో తప్పా? తెలుగు మానేసి ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని చుట్టాలు ఒకటే పోరు. ఎవరికి చూపించాలో, ఎంతవుతుందో కూడా తెలీదు.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి

తెలుగు మాత్రం మానకండి. రెండు భాషలు వినడంవల్ల పిల్లలకి ఉచ్చారణ లోపం రాదు. నిజంగా లోపం ఉన్న పిల్లాడికి తెలుగు ఆపేసినంత మాత్రాన అది పోదు. పైగా అమ్మతో అమ్మమ్మతో మాట్లాడే మాటలు కూడా పోతాయి. చుట్టాలకి ఈ మాట చెప్పి ఊరుకోండి, వాదనలోకి దిగితే తెమలదు.

జవాబు: పిల్లలకు స్పీచ్ థెరపీ చేసే ఒకరు

నేను చేసే పని ఇదేనండి. అయితే బాబుని చూడకుండా "ఇదీ సమస్య" అని తేల్చను. మీరు రాసినదాంట్లో మాత్రం రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే సగం చిక్కు వీడుతుంది.

మొదటిది, చివరి శబ్దం వదిలేయడం. ఇంగ్లీషు నేర్చుకునే చిన్నపిల్లల్లో ఇది మామూలే. రెండేళ్ళ వయసులో చాలామంది చేస్తారు, మూడేళ్ళు వచ్చేసరికి ఎక్కువమందిలో దానంతటదే తగ్గిపోతుంది. మూడున్నరకి కూడా చాలా మాటల్లో అలాగే ఉంటే చూపించడం మంచిది. కంగారుపడాల్సినంత కాదు, వదిలేయాల్సినంతా కాదు. అయితే వాడు ఇంగ్లీషులోకి అడుగుపెట్టి కొద్ది నెలలే అయింది కాబట్టి ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండోది "బోట్టు". ఇది వాడి తప్పు కాదు, మన నాలుక అలవాటు. తెలుగు అజంత భాష. మన మాటలు చాలావరకు అచ్చుతోనో, "మ్"తోనో ముగుస్తాయి. అందుకే బస్సు, రోడ్డు, పెన్ను అన్నిటికీ తోక తగిలించుకున్నాం. చివరి శబ్దాన్ని గట్టిగా ఒత్తి చెబుదామని మీరు ప్రయత్నించినకొద్దీ "ఉ" తెలియకుండానే వచ్చి చేరుతుంది. బాబు మీరు పలికినదాన్ని ఉన్నదున్నట్టు దింపుతున్నాడు. ఒకందుకు ఇది మంచి కబురే. "ట్" నోట్లోకి వచ్చేసింది, ఇక "ఉ" తీసేస్తే చాలు.

కాబట్టి చివర ఒత్తడం ఆపి, తేల్చి పలకండి. ప్, ట్, క్‌లను గుసగుసలా అనాలి. గొంతు మీద వేళ్ళు పెట్టుకుని "బోట్" అనండి. "ట్" దగ్గర గొంతులో అదురు ఉండకూడదు. ఉందంటే మీరు "టు" అన్నట్టే. ముందు పెద్దవాళ్ళు ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, ఆశ్చర్యపోతారు. తర్వాత పిల్లాడి అరచెయ్యి మీ నోటి ముందు పెట్టించండి. చివర చిన్న గాలి తగిలితే వాడికి అదో ఆట. ఇక్కడివాళ్ళు మామూలుగా మాట్లాడేటప్పుడు చివరి "ట్"ని చాలాసార్లు గాలి వదలకుండా లోపలే ఆపేస్తారు. అందుకే అది పిల్లల చెవికి సరిగా ఆనదు. ఆటలో కాస్త గాలి వినిపించేలా అనడం అందుకే.

స్, ఫ్, ష్, మ్, న్ లాంటివి సాగదీయొచ్చు. "బస్‌స్‌స్" అని లాగితే చివర ఒకటుందని చెవికి తెలుస్తుంది. బ్, డ్, గ్ మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. మన ఇళ్ళలో వాటికే "ఉ" గట్టిగా అంటుకుంటుంది. బ్యాక్, బ్యాగ్ తేడా కూడా చాలావరకు ముందున్న అచ్చులోనే ఉంటుంది, బ్యాగ్‌లో అచ్చు కాస్త సాగుతుంది. ఆ అచ్చుని సాగదీస్తే చాలు, "గ్"ని నొక్కితే "బ్యాగ్గు" తయారు.

ఇంకో ఉపాయం నాకు అన్నిటికన్నా ఇష్టం. చివరి హల్లుని తర్వాతి మాటలోని అచ్చుకి కలిపేయడం. "కప్ ఈజ్" అన్నప్పుడు వినిపించేది "కపీజ్". "పిక్ ఇట్" అంటే "పికిట్". సంధి చేయడం మన నాలుకకి పుట్టుకతో వచ్చిన విద్య, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. అలా అలవాటయ్యాక రెండు మాటల మధ్య కొద్దికొద్దిగా ఎడం పెంచుకుంటూ పోతే హల్లు ఒంటరిగా నిలబడటం నేర్చుకుంటుంది.

చివరి శబ్దం ఎందుకు కావాలో వాడికి తెలియాలంటే బొమ్మల జతలు పెట్టండి. బో–బోట్, బై–బైక్, కీ–కీస్, టీ–టీత్. రిబ్బను ముడి (ఇంగ్లీషులో "బో") బొమ్మ ఒకటి, పడవ బొమ్మ ఒకటి ముందు పెట్టి, ఏది కావాలో వాణ్నే అడగమనండి. పడవ కావాలని "బో" అంటే నవ్వుతూ రిబ్బను చేతికివ్వండి. "ఇది కాదు!" అంటాడు. ఆ క్షణంలో వాడికి అర్థమయ్యేది, వందసార్లు పలికించినా అర్థం కాదు. విసుగు మొదలవగానే ఆట కట్టేయండి.

ఇది యాసకి సంబంధించిన పట్టింపు కాదండోయ్. ఇంగ్లీషులో బహువచనం, జరిగిపోయిన పని, "ఎవరిది" అన్న సంగతి చాలాసార్లు మాట చివరి చిన్న శబ్దం మీదే ఆధారపడతాయి. క్యాట్, క్యాట్స్. వాక్, వాక్డ్. చివర మింగితే వ్యాకరణం కూడా కొంత మింగినట్టే.

ఇక వాడంతట వాడు కబుర్లు చెబుతుంటే మధ్యలో ఆపి "మళ్ళీ చెప్పు" అనకండి. "బో పోయింది" అంటే, "అవునా, బోట్ పోయిందా? బోట్ ఎక్కడుందో చూద్దాం పద" అని కలుపుకుపోవాలి. సరైన మాట వాడి చెవిన రెండుసార్లు పడింది, చాలు.

జవాబు: ఒక నాన్న

అన్నిటికన్నా ముందు చెవులు చూపించండి. పుట్టినప్పుడు చేసే వినికిడి పరీక్ష పాసయ్యాడు కదా అనుకోవద్దు. జలుబుల తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరితే నొప్పి లేకపోయినా వినికిడి మందగిస్తుంది. మాట చివరి శబ్దాలు అసలే మెల్లగా ఉంటాయి, అందులోనూ స్, ఫ్, త్ లాంటివి. వినపడనిది పలకడు. పిల్లల డాక్టర్ని అడిగితే వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు దగ్గరికి పంపుతారు.

ఖర్చు సంగతి. ఐడియా (IDEA) అని, లోపాలున్న పిల్లల చదువు కోసం చేసిన ఫెడరల్ చట్టం ఉంది. మూడేళ్ళు నిండిన పిల్లాడికి లోపం ఉందేమోనని అనుమానం ఉంటే మీ స్కూల్ డిస్ట్రిక్టు ఉచితంగా పరీక్షించాలి. బాబు ప్రైవేటు ప్రీస్కూల్లో ఉన్నా, అసలు బడికే వెళ్ళకపోయినా అడగొచ్చు. నోటిమాటగా వద్దు, తేదీ వేసి కాగితం మీదో ఈమెయిల్లోనో అడగండి. పరీక్షకి ఒప్పుకున్న డిస్ట్రిక్టు మీ సంతకం తీసుకున్న రోజు నుంచి 60 రోజుల్లో పూర్తి చేయాలి, కొన్ని రాష్ట్రాల్లో గడువు వేరుగా ఉంటుంది. మూడేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళు అడగాల్సింది ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే, పసిపిల్లలకి సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమాన్ని, అది వేరే తలుపు. ప్రైవేటుగా వెళ్ళేటట్లయితే స్పీచ్ థెరపీకి మీ ఇన్సూరెన్సు ఎంత ఇస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

జవాబు: మరొకరు

మావాడూ ఇంతేనండీ. ఏమీ చేయలేదు, నాలుగేళ్ళకి తనే సర్దుకున్నాడు. ఊరికే హైరానా పడకండి.

జవాబు: స్పీచ్ థెరపీ చేసేవారు

కొందరికి సర్దుకుంటుంది, కాదనను. ఎవరికి సర్దుకుంటుందో ముందుగా చెప్పడమే కష్టం. పరీక్షకి డబ్బు పోదు, సర్దుకుంటే సంతోషం. ఇంటివాళ్ళు కానివాళ్ళకి వాడి మాట ఎంత అర్థమవుతోందో గమనించండి. నాలుగేళ్ళు వచ్చేసరికి కొత్తవాళ్ళకి కూడా చాలావరకు అర్థం కావాలి.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూస్తే మా ఆయనా నేనూ ఇద్దరం "టు" అనే అంటున్నాం! తెలుగులో వాడు "గుర్రం", "పుస్తకం" చక్కగానే అంటాడు, ఫోన్లో అమ్మమ్మకి అన్నీ అర్థమవుతాయి. ఇవి చెప్పాలా? "ఉ" కలపడాన్ని కూడా లోపం కింద రాసేస్తారేమోనని భయం. అన్ని శబ్దాల్లో ముందు ఏది మొదలుపెట్టాలి?

జవాబు: స్పీచ్ థెరపీ చేసేవారు

తప్పకుండా చెప్పండమ్మా, అవి చాలా పనికొచ్చే సంగతులు. వీలైనంతవరకు పిల్లాడి సొంత భాషలో పరీక్షించాలని పైన చెప్పిన ఐడియా చట్టమే అంటుంది, కాబట్టి తెలుగు దుబాసీని అడగండి. దాంతోపాటు ఒక కాగితం మీద రాసివ్వండి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయని, ఇంగ్లీషు మాటలకి కూడా మేం "ఉ" చేరుస్తామని, ఇంగ్లీషులో ఉన్న రెండు రకాల "వ" (v, w) తేడా మాకు లేదని. పరీక్ష చేసేవారికి తెలుగు తెలియకపోవచ్చు. భాష తెచ్చిన తేడాని లోపంగా లెక్క కట్టకూడదన్నది మా వృత్తిలో నియమమే, కానీ ఆ తేడా ఉందని తెలిస్తేనే కదా వదిలేయగలిగేది. తెలుగులో "మ్"తో మాట ముగించగలుగుతున్నాడంటే మంచి సూచనే. వాడు తెలుగు మాట్లాడే వీడియో కూడా ఒకటి తీసుకెళ్ళండి.

మొదలుపెట్టడానికి "ప్" బాగుంటుంది, పెదాలు కళ్ళకి కనిపిస్తాయి. వాణ్ని ఎత్తుకునేటప్పుడు "అప్" అనండి. గెంతేటప్పుడు "హాప్". అద్దం ముందు ఇద్దరూ కూర్చుని "కప్" అని పెదాలు మూసి, తెరవకుండా అలాగే కాసేపు ఉంచండి. నోరు మూసి ఉంటే "ఉ" బయటికి రావడానికి దారే ఉండదు.