బోరు మోటారుకి ఆర్‌సీసీబీ అక్కర్లేదా? ఎర్తింగ్ ఒక్కటే చాలా?

కొత్తిల్లు:
మాది 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్, నల్ల ప్లాస్టిక్ పైపు మీద దింపారు. మోటారు వేసిన కాసేపటికి మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) పడిపోయి ఇల్లంతా కరెంటు పోతోంది. మా ఎలక్ట్రీషియన్ "మోటారు లైన్ని దాని గుండా కాకుండా దానికి ముందు నుంచే తీసుకుందాం, ఎర్తింగ్ ఉందిగా" అంటున్నాడు. మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?

మోటార్ల మేస్త్రి:
అలాగే చేయించండి సార్, నిక్షేపంగా. నీళ్లలో మునిగి ఉండే మోటారుకి ఎంతో కొంత లీకేజీ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయేది పెట్టుకుంటే వానాకాలమంతా గోలే. పొలాల్లో మోటార్లకి ఎవడు పెట్టాడు? బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ గొయ్యి సరిగ్గా చేయిస్తే మిగతాది ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్) చూసుకుంటుంది.

230 ఓల్టులు:
ఎంసీబీ చూసుకోదు మేస్త్రిగారూ. లెక్క వేద్దాం. గొయ్యి రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకోండి. ఎండాకాలం గొయ్యి ఎండిపోతే అదీ దక్కదు. 230ని 10తో భాగిస్తే ఎర్త్‌లోకి పారేది 23 ఆంపియర్లు. మోటారుకి వేసే 20 ఆంపియర్ల సి రకం ఎంసీబీ వెంటనే పడాలంటే కనీసం 100 ఆంపియర్లు పారాలి. 23కి అది కదలకపోవచ్చు. ఈలోగా స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే షాకే. అంతకన్నా ఘోరం, అదే ఎర్త్ వైరు గీజరుకీ ఫ్రిజ్‌కీ పోతుంది. బోరులో లీకైతే బాత్‌రూంలో కొడుతుందన్నమాట.

ఇంకోటి. అసలు ఆ మోటారుకి ఎర్త్ ఉందా? బోర్లోకి దిగే ఫ్లాట్ కేబుల్లో ఉండేవి మూడే వైర్లు: కామన్, రన్నింగ్, స్టార్టింగ్. మూడూ మోటారుకే సరి. నాలుగో వైరు వేరేగా దింపితే తప్ప ఎర్త్ స్టార్టర్ డబ్బా దగ్గరే ఆగిపోతుంది.

మోటార్ల మేస్త్రి:
జీఐ (ఇనప) పైపయితే పైపే ఎర్తు. నల్ల పైపుకి నాలుగో వైరు ఎవరూ దింపట్లేదు, అది ఒప్పుకుంటా. కానీ రాత్రి పూట ఆర్‌సీసీబీ పడితే ఫోను నాకొస్తుంది, మీకు కాదు.

230 ఓల్టులు:
30 మిల్లీ ఆంపియర్లు లీకవ్వాలంటే ఇన్సులేషన్ 8 వేల ఓమ్‌ల దాకా దిగజారాలి. బాగున్న మోటారు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) మీద మెగా ఓమ్‌లు, అంటే పది లక్షల ఓమ్‌ల లెక్కలో చూపిస్తుంది. ఇది "ఎంతో కొంత లీకేజీ" కాదండీ, జాయింటులోకి నీళ్లు దిగడమో, వైండింగ్ పోవడమో.

సంపు పక్క ఇల్లు:
లేదా న్యూట్రల్ కలిసిపోవడం. మోటారు న్యూట్రల్ని ఆర్‌సీసీబీ దాటాక, దాని గుండా రాని ఇంకో సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపేస్తే మోటారు బంగారంలా ఉన్నా పడుతుంది. కాకపోతే అది స్విచ్ వేయగానే పడుతుంది. ఈయనకి కాసేపు ఆగి పడుతోందంటే మోటారు వేడెక్కాక లీకవుతున్నట్టుంది.

కొత్తిల్లు గారూ, మెయిన్ ఆపించి, స్టార్టర్ దగ్గర ఫ్లాట్ కేబుల్ మూడు వైర్లూ ఊడదీయించి, వాటికీ ఎర్త్‌కీ మధ్య మెగ్గర్ పెట్టించండి. మోటారు ఆడి ఆగిన వెంటనే, చల్లారకముందే చూడాలి. మోటారుకి విడిగా ఒక ఆర్‌సీసీబీ పెట్టించుకోండి, పడినా ఇంట్లో లైట్లు పోవు. నెలకోసారి దాని మీది టెస్ట్ బటన్ నొక్కండి.

కొత్తిల్లు:
పొద్దున మెగ్గర్ పెట్టించా. చల్లగా ఉన్నప్పుడే ముల్లు సున్నా పక్కన కూర్చుంది. రేపు బోరు లాగుతున్నారు. కేబుల్ జాయింటుకి మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టి దింపినట్టున్నారు.

మోటార్ల మేస్త్రి:
మామూలు టేపా! నీళ్లలో అది ఎన్నాళ్లు ఆగుతుంది? రబ్బరు టేపు లాగి బిగించి చుట్టి, పైన ఇంకో వరస వేయాలి. మూడు వైర్ల జాయింట్లూ ఒకేచోట కాకుండా ముందూ వెనకా వచ్చేలా కట్ చేయమనండి. వేరే ఆర్‌సీసీబీ అంటే సరే, పెట్టుకోండి. పొలం మోటార్ల సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.

230 ఓల్టులు:
దానికి వేరే చర్చ మొదలుపెట్టండి మేస్త్రిగారూ, వస్తా.