అతికించిన టేబుల్ టాప్ దొప్పలా వంగింది, మళ్లీ చిత్రిక పట్టాలా?

కొత్తచెయ్యి: టేకు పలకలు అంచులు కలిపి డైనింగ్ టేబుల్ టాప్ అతికించాను. క్లాంపులు తీసినప్పుడు అడ్డంగా స్కేలు పెడితే కింద వెలుతురు కూడా దూరలేదు. బెంచీ మీద పడుకోబెట్టి ఉంచాను. ఇప్పుడు చూస్తే రెండంచులూ లేచి మధ్యలో పల్లం, అచ్చం దొప్ప. పాలిష్ ఇంకా వేయలేదు.

చేవకర్ర: చిత్రిక జోలికి పోకండి. బెంచీకి ఆనిన వైపు గాలి ఆడదు. పై ముఖం ఆరి ముడుచుకుంది, కింద తేమ అలాగే ఉంది, అందుకే అంచులు లేచాయి. పల్లం వైపు కిందికి తిప్పి, ఒకే మందం ఉన్న బద్దెల మీద పెట్టండి. చాలాసార్లు దానంతటదే దారికొస్తుంది. ఇప్పుడే చదును చేశారంటే, రెండు వైపులా తేమ సమమయ్యాక ఇటు కాక అటు వంగుతుంది.

రంపంపొట్టు: అవును. నేనైతే పలకల్ని కాస్త ఎక్కువ మందంతోనే కోసి, నిలబెట్టి కొన్నాళ్లు వదిలేస్తాను. వంగేదేదో అప్పుడే వంగుతుంది. తర్వాత రెండు వైపులా సమానంగా తీస్తాను. పలక చివర్లో కనిపించే వలయాల వంపు ఒక పలకలో పైకి, పక్కదాంట్లో కిందికి ఉండేలా పెట్టాలంటారు గానీ నేను పట్టించుకోను. బాగున్న ముఖమే పైకి.

చేవకర్ర: మార్చి పెడితే మొత్తం టాప్ ఒకే వైపు వంగదు కదండీ?

రంపంపొట్టు: వంగదు, అలలు లేస్తాయి. ఒక్క వంపైతే కింది ఫ్రేమ్ లాగి పట్టుకుంటుంది. అలల్ని ఏ స్క్రూ పడుతుంది?

మూలమట్టం: అంచుల సంగతి కూడా చూడండి. పక్కపక్కన రావాల్సిన రెండు పలకల్ని ముఖాలు కలిపి వైస్‌లో బిగించి, రెండంచులకూ ఒకేసారి చిత్రిక పట్టండి. ఒకటి 89 డిగ్రీలైతే రెండోది 91 అవుతుంది, విప్పి కలిపితే సరిపోతుంది. క్లాంపులు ఒకటి పైన, ఒకటి కింద. అతుకు పొడవునా జిగురు సన్నని పూసల్లా బయటికొస్తే చాలు, ఇంకా బిగిస్తే టాపే వంగుతుంది.

కొత్తచెయ్యి: తిప్పి పెట్టాక వంపు సగానికి సగం తగ్గింది, థాంక్స్. ఇక నేరుగా ఫ్రేమ్‌కి స్క్రూలు కొట్టేస్తే కదలదు కదా?

మూలమట్టం: అలా చేస్తే పగులుతుంది. చెక్క పొడవులో దాదాపు కదలదు గానీ వెడల్పులో కదులుతుంది. అడ్డకోత టేకు (వలయాలు పలక ముఖానికి దాదాపు సమాంతరంగా ఉండేలా కోసింది) 90 సెం.మీ. వెడల్పుంటే, చెక్కలోని తేమ 4 శాతం మారినప్పుడు 6-7 మి.మీ. తేడా వస్తుంది. ఫ్రేమ్‌లో స్క్రూ రంధ్రాల్ని టాప్ వెడల్పు దిశలో కోలగా చేసి, వాషర్ వేసి బిగించండి. పాలిష్ పైన ఎన్ని కోట్లో కిందా అన్నే.

కొత్తచెయ్యి: రెండు చివర్లా అడ్డ బద్దె అతికిద్దామనుకున్నాను...

చేవకర్ర: పెట్టండి, కానీ జిగురు మధ్యలో మాత్రమే. పక్కల మేకులకు, బద్దె గాడిలో దూరే టాప్ నాలుకలో కోల రంధ్రం చేయండి. వానాకాలంలో టాప్ అంచు బద్దె కంటే కాస్త బయటికొస్తుంది, కంగారుపడి కోసేయకండి.