కీ లేని బంగారు హార్వుడ్: కట్టుకోవాలా, బీరువాలో పెట్టాలా?

పాత_ముల్లు:
నా దగ్గర ఒక హార్వుడ్ వాచీ ఉంది. 9 క్యారెట్ల బంగారు కేసు, 1930 అటూ ఇటూ చేసినది. పక్కన కీ బుడిపె ఉండదు. టైమ్ మార్చాలంటే గ్లాసు చుట్టూ ఉన్న రింగు తిప్పాలి. చేతికి కట్టుకుని తిరిగితే దానంతటదే కీ ఎక్కుతుంది. ఎక్కాలి అనుకోండి. ఇప్పుడైతే చేతినుంచి తీసిన ఐదారు గంటల్లో ఆగిపోతోంది. డయల్ మీద గోధుమ రంగు మచ్చలు వచ్చాయి.

ఒక మెకానిక్‌కి చూపించాను. "స్ప్రింగు మార్చి, డయల్‌కి కొత్తగా పెయింటు వేయించి, కేసుకి బఫింగ్ కొడితే షోరూమ్ పీసులా ఉంటుంది" అన్నాడు. మా అన్నయ్యేమో "దాన్ని ముట్టుకోకు, గుడ్డలో చుట్టి బీరువాలో పడెయ్" అంటున్నాడు. మీరేమంటారు?

బీరువా_పక్షం:
మీ అన్నయ్యకి నా ఓటు. హార్వుడ్ అమ్ముడైంది 1928 నుంచి 1931 దాకానే. ఆర్థిక మాంద్యం దెబ్బకి కంపెనీ మూతపడింది. స్పేర్లు ఎవరూ చెయ్యరు. పైగా బంగారం రేటు పెరిగినప్పుడల్లా పాత కేసులు ఎన్ని మూసలోకి పోయాయో! లోపలి మెషిన్లు మాత్రం కేసు లేకుండా అనాథల్లా దొరుకుతుంటాయి. కేసూ డయలూ మెషినూ మూడూ కలిసి ఉన్నది మీ చేతిలో ఉంటే, దాన్ని కట్టుకుని తలుపు గడియలకి తగిలిస్తారా?

టక్_టక్:
బీరువా గారూ, మామూలు కీ వాచీ అయితే మీ మాట వినేవాణ్ణి. నెలకోసారి తీసి, నాలుగు చుట్లు కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ పెట్టెయ్యొచ్చు. దీనికి ఆ దారి కూడా లేదు కదా. చెయ్యి కదిలితేనే దీనికి ఊపిరి. బీరువాలో పెడితే అది వాచీ కాదు, బంగారు బిళ్ళ.

జాన్ హార్వుడ్ ఇంగ్లండులో వాచీలు బాగుచేసేవాడు. తన దగ్గరికొచ్చే వాచీల్లో దుమ్మూ చెమ్మా ఎక్కడి నుంచి దూరుతున్నాయో చూశాడు: కీ కాడ దిగే రంధ్రం లోంచి. అసలు ఆ రంధ్రమే లేకపోతే? అప్పుడు కీ ఎలా ఇవ్వాలి? లోపల ఒక బరువు పెట్టి, చెయ్యి ఊగినప్పుడల్లా అది ఊగి స్ప్రింగును చుట్టేలా చేశాడు. 1924లో స్విట్జర్లాండులో పేటెంటు వచ్చింది. తయారుచేసింది ఫోర్టిస్, బ్లాంపాన్ లాంటి స్విస్ వాళ్ళు. మనిషి రోజూ కట్టుకుంటాడన్న లెక్క మీదే ఆ మెషిను మొత్తం నిలబడి ఉంది.

ఒక్కసారి కట్టుకుని చెయ్యి తిప్పి చూడండి. బరువు అటు చివర చిన్న స్ప్రింగుకి తగిలి వెనక్కొస్తుంది. ఆ 'టక్' చెవికి సరిగ్గా వినపడదు, మణికట్టు ఎముకకి తెలుస్తుంది. లోపల ఎవరో వేలితో తట్టినట్టు.

చరిత్ర_చాదస్తం:
ఒక చిన్న సవరణ, ఎవరూ అడక్కపోయినా. దీన్ని "మొదటి ఆటోమేటిక్" (దానంతటదే కీ ఎక్కేది) అనకండి. 1770లలోనే పెర్లే, సార్టన్ అనే గడియారాల పనివాళ్ళు జేబు గడియారాలకి ఈ పని చేశారు. ఇద్దరిలో రోటర్ (చుట్టూ తిరిగి కీ ఎక్కించే బరువు) ఎవరిదన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. సార్టన్ 1778లో పారిస్ సైన్స్ అకాడమీకి తన నమూనా పంపాడు. అయితే జేబులో గడియారం ఎంత కదులుతుంది? మణికట్టు మీదకి వచ్చాకే ఆ ఆలోచనకి అర్థం వచ్చింది. హార్వుడ్ ఘనత ఏమిటంటే, చేతి వాచీలో పెట్టి, వేల సంఖ్యలో అమ్మించడం.

టక్_టక్:
చాదస్తం గారికి దండం. హార్వుడ్ కాలంలోనే వచ్చిన 'రోల్స్' అనే వాచీ గురించి కూడా చెప్పాల్సింది. అందులో ఊగేది బరువు కాదు, మెషిను మొత్తం కేసులో బాల్‌బేరింగుల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది! ఆ పిచ్చి ప్రయోగాలన్నీ 1930 దగ్గరే. 1931లో రోలెక్స్ చుట్టూ పూర్తిగా తిరిగే రోటర్ తెచ్చాక ఇవన్నీ పాతపడ్డాయి. అయినా ఒమెగా 1943లో మొదలుపెట్టి 1950ల మధ్య దాకా ఇలా తగిలి వెనక్కొచ్చే బరువుతోనే వాచీలు చేసింది.

బెంచి_మీద:
నేను రిపేరు పని చేసేవాణ్ణి. ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకే మూటలో కట్టేశారు. నడిపించాలా అన్నది ఒకటి. కొత్తదానిలా చెయ్యాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి అవునంటాను, రెండోదానికి కాదంటాను.

ముందు ఒక మాట. మీ వాచీ మరీ చెడిపోలేదు. ఇది కొత్తలో కూడా నిండా కీ ఎక్కితే 12 గంటల పాటే నడిచేది. రాత్రి తీసి పెడితే పొద్దున ఆగే ఉండొచ్చు. బరువు పూర్తిగా తిరగదు, కొంత మేరకే ఊగుతుంది. అందులోనూ ఒకవైపు ఊపే కీ ఎక్కిస్తుంది, రెండో ఊపు వృథా. అంత తక్కువ సంపాదనతో బతికే మెషిన్లో నూనె జిగురైతే ఇంకేం మిగులుతుంది? పాత ఉక్కు స్ప్రింగు కూడా ఏళ్ళ తరబడి చుట్టుకునే ఉండి సాగిలపడిపోతుంది. విడదీసి కడిగి, నూనె వేసి, మెయిన్ స్ప్రింగు మార్చడం తప్పు కాదు. స్ప్రింగు అరిగిపోవడానికే పుట్టిన వస్తువు. పాతది ఒక కవర్లో వేసి దాచుకోండి.

బరువు తగిలే రెండు చిన్న స్ప్రింగులు మాత్రం తప్పక చూపించండి. అవి బలం తప్పితే బరువు నేరుగా గట్టి లోహానికి కొట్టుకుంటుంది. భూతద్దంలో చూస్తే అక్కడ గోరంత మెరిసే నొక్కు కనపడుతుంది. అది కనిపించాక కూడా కట్టుకుంటే మాత్రం బీరువా గారే గెలిచినట్టు.

ఇక డయల్. మచ్చలు ఉండనివ్వండి. పెయింటు వేసినవాడు అంకెల ఆకారం ఎంత జాగ్రత్తగా గీసినా తేడా తెలిసిపోతుంది, ఒకసారి పాతది గీకేశాక వెనక్కి రాదు. అంకెల్లో చీకట్లో వెలిగే పూత ఉంటే అసలే గోకకండి. వెలుగు పోయింది కాబట్టి ఆ పూతలోని రేడియం (రేడియోధార్మిక పదార్థం) పోయిందనుకుంటారు. చచ్చింది వెలిగే జింక్ సల్ఫైడు. రేడియం సగమవడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. ఆ పొడి పీల్చకూడదు.

బఫింగ్ సంగతి. మెరుగు పెట్టడం అంటే బంగారం తీసెయ్యడమే. బెల్టు తగిలించే కొమ్ముల అంచులు ముందు గుండ్రమవుతాయి. తర్వాత .375 ముద్ర అలికినట్టవుతుంది. గీతలతో ఉన్న కేసుని మెత్తటి గుడ్డతో తుడవండి, చాలు.

బీరువా_పక్షం:
అన్నీ బాగానే చెప్పారు. కింద పడితే? ఇందులో షాక్ తట్టుకునే ఏర్పాటేమీ లేదు. బ్యాలెన్స్ చక్రాన్ని మోసే సన్నటి కడ్డీ విరిగితే ఏం చేస్తారు?

బెంచి_మీద:
లేతు మీద కడ్డీ కొత్తది చెయ్యొచ్చు. చేతనైనవాళ్ళు తక్కువ, అంతే. మీ భయం న్యాయమే, కాదనను. అందుకే రోజూ కట్టుకోమనలేదు.

పాత_ముల్లు:
మూడు వారాల తర్వాత వస్తున్నా. వేరే ఒకాయనకి ఇచ్చాను. కడిగి, మెయిన్ స్ప్రింగు మాత్రం మార్చాడు. తగిలే స్ప్రింగులు బాగానే ఉన్నాయట. కేసు లోపలి వైపు పాత రిపేరువాళ్ళు సూదితో గీసిన గుర్తులు నాలుగు చూపించాడు, అన్నీ వేర్వేరు చేతిరాతలు. అంటే నాకు ముందు కనీసం నలుగురు దీన్ని విప్పారు. "ముట్టుకోని వాచీ" అని మేము ఇంట్లో కొట్టుకున్నదంతా అబద్ధమే!

నిన్న సాయంత్రం దాకా కట్టుకున్నాను. తీసి పెట్టాక పదకొండు గంటలు నడిచింది. డయల్ మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి.

బీరువా_పక్షం:
డయల్ ముట్టుకోలేదు కాబట్టి ఒప్పుకుంటున్నా. ఆ లోపలి గీతల ఫోటో పెట్టండి. వానలో మాత్రం కట్టుకెళ్ళారో, మీతో మాట్లాడను.